బూడిద దిబ్బలు: విడిన చిక్కు, మిగిలిన ప్రశ్న
(దక్కను నవీన శిలాయుగ అవశేషాలపై వ్యాఖ్యానాల విమర్శనాత్మక పరిశీలన)

వ్యాస సారాంశం

కర్ణాటకలోని బళ్లారి, రాయచూరు, గుల్బర్గా ప్రాంతాల్లోనూ, ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లోనూ, తెలంగాణలోని పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోనూ నూరుకు పైగా బూడిద దిబ్బలు గుర్తింపబడ్డాయి. స్థానికులు వీటిని పురాణపాత్రల చితాభస్మంగా చెప్పుకున్నారు. పందొమ్మిదో శతాబ్ది పరిశీలకులు అగ్నిపర్వతాలనీ, చితులనీ, కొలుముల అవశేషాలనీ ఊహించారు. ఇవి నవీన శిలాయుగపు పశుపాలకులు పోగుచేసి కాల్చిన పేడ దిబ్బలని పురావస్తు తవ్వకాలు నిరూపించాయి. ఈ వ్యాఖ్యానాల్లో ప్రతిదీ దేనికి సమాధానం చెప్పిందో, దేనిని వదిలివేసిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రాచీన అవశేషాలను 'అంతుచిక్కని రహస్యాలు'గా వర్ణించే అలవాటు విమర్శకు ఎలా అడ్డుపడుతుందో, ఈ అధ్యయనంలో తెలుగు పరిశోధకుల బాధ్యత ఏమిటో చర్చిస్తుంది.

కీలక పదాలు: బూడిద దిబ్బలు, నవీన శిలాయుగం, ఉట్నూరు, బుడిహాళ్, స్థల కథలు, పశుపాలన, భోగిమంట, స్థలనామాలు.

1. ఉపోద్ఘాతం

ప్రాచీన నాగరికతల గురించి తెలుగులో వెలువడే రచనల్లో 'రహస్యం', 'మర్మం', 'మిస్టరీ' అనే మాటలు తరచుగా కనిపిస్తాయి. చదవలేని లిపి, నీట మునిగిన నగరం, ఎవరు నిలిపారో తెలియని శిల ఈ రచనలకు ఇష్టమైన వస్తువులు. వీటిలో చాలావరకు ఒక ఆశ్చర్యంతో మొదలై ఒక ప్రశ్నార్థకంతో ముగుస్తాయి. ఆ ప్రశ్నకు సమాధానం ఎందుకు దొరకలేదో, దొరకాలంటే ఎలాంటి ఆధారం కావాలో చెప్పే రచనలు తక్కువ. ఫలితంగా, మనకు తెలియకపోవడమనే స్థితి ఆ వస్తువుకే ఉన్న గుణంగా పాఠకుడికి కనిపిస్తుంది.

ఈ ధోరణిని పరీక్షించడానికి దక్కను బూడిద దిబ్బలు తగిన ఉదాహరణ. ఇవి ఒకప్పుడు నిజంగానే చిక్కుప్రశ్న. దాని ప్రధాన భాగం ఆరు దశాబ్దాల క్రితమే విడిపోయింది. అయినా ఈ దిబ్బలు తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు సంపాదించలేదు. పరిష్కారం పేడ దగ్గరికి చేరడం దీనికి ఒక కారణం కావచ్చు. కోటలు, నిధులు, శాసనాలు ఉన్నదే నాగరికత అనుకునే దృష్టికి పశువుల దొడ్డి ఆనదు. కాని నాలుగువేల ఏళ్లకు పూర్వం ఈ నేలమీద మనుషులు ఎలా బతికారో చెప్పే ఆధారాల్లో ఈ దిబ్బలు ముఖ్యమైనవి. వీటిపై వచ్చిన వ్యాఖ్యానాలను సాహిత్య విమర్శ పద్ధతిలో, అంటే ఒక్కొక్క పాఠం ఏ ఆధారాన్ని లెక్కలోకి తీసుకుంది, దేనిని విస్మరించింది అనే దృష్టితో చదవడం ఈ వ్యాస లక్ష్యం.

2. దిబ్బల స్వరూపం

బూడిద దిబ్బల్లో కొన్ని నేలమీద పలుచని పొరలుగా మిగిలాయి. కొన్ని అనేక మీటర్ల ఎత్తున నిలిచాయి. కోసి చూస్తే లోపల పొరలు పొరలుగా ఉంటాయి. ఒకచోట మెత్తని తెల్లని బూడిద ఉంటే, దానిపైన కరిగి గడ్డకట్టిన గాజులాంటి పదార్థం కనిపిస్తుంది. బుడగలు బుడగలుగా, తేలికగా ఉండే ఈ గడ్డలు చూపుకు కొలిమి దగ్గర పడే చిట్టెంలాగా ఉంటాయి. ఈ పొరల మధ్య, దిబ్బల పరిసరాల్లో నూరిన రాతి గొడ్డళ్లు, చేతితో చేసిన కుండల పెంకులు, పశువుల ఎముకలు దొరుకుతాయి. దక్షిణ భారత నవీన శిలాయుగాన్ని స్థూలంగా క్రీ.పూ. 3000 – 1200 మధ్య కాలంగా పరిగణిస్తున్నారు. బూడిద దిబ్బలు ఆ యుగపు తొలి, మధ్య దశలకు చెందినవి.

ఈ దిబ్బలున్న ప్రాంతం నేడు మూడు రాష్ట్రాల మధ్య పంచబడి ఉన్నా, చరిత్రలో చాలాకాలం ఒకే భౌగోళిక క్షేత్రం. బళ్లారి, అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాలు 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించిన దత్తమండలాల్లోనివి. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి ప్రాంతంలో ఎక్కువ భాగం మైసూరులో చేరింది. తెలుగు, కన్నడాలు రెండూ వాడుకలో ఉన్న నేల కావడం వల్ల ఇక్కడి స్థలనామాలు, స్థల కథలు రెండు భాషల పరిశోధకులకూ ఉమ్మడి సామగ్రి. ఈ విషయాన్ని మరచి తెలుగు సరిహద్దు దగ్గరే అధ్యయనాన్ని ఆపితే సగం దిబ్బలు చూపుకు అందకుండా పోతాయి.

3. స్థల కథల తర్కం

బళ్లారి ప్రాంతంలో ప్రచారంలో ఉన్న ఒక కథ ప్రకారం అక్కడి బూడిద, భీముడు చంపిన హిడింబాసురుడి దేహం కాలగా మిగిలినది. హంపి సమీపంలోని నింబాపురం దగ్గర ఉన్న దిబ్బను వాలి దహన స్థలంగా చెబుతారు. హంపి, ఆనెగొంది పరిసరాలను కిష్కింధగా భావించే సంప్రదాయంలో ఇది సహజంగా ఇమిడిపోయింది. ఒక కథకు భారతం, మరొక కథకు రామాయణం ఆధారమైనా రెండింటి నిర్మాణం ఒకటే. ఎదురుగా ఉన్నది బూడిద. బూడిద ఉందంటే ఏదో కాలింది. మామూలు మనిషి దేహం కాలితే ఇంత బూడిద రాదు. కాబట్టి కాలింది మహాకాయుడు.

ఈ తర్కాన్ని అజ్ఞానమని కొట్టివేయడం తేలిక. కాని కథకులు లెక్కలోకి తీసుకున్న అంశాలు మూడున్నాయి. పదార్థం బూడిద అని గుర్తించారు. దాని పరిమాణాన్ని గమనించి, దానికి తగిన కారణాన్ని వెతికారు. అది తమ తాతముత్తాతల కాలానికి మించిన ప్రాచీనతగలదని గ్రహించి, పురాణకాలంలో నిలిపారు. ఈ మూడు పరిశీలనలూ సరైనవే. తప్పినది చివరి అడుగు. తమకు తెలిసిన దహనాల్లో మిక్కిలి పెద్దది చితి కనుక వారు చితి దగ్గర ఆగారు.

అలాగని, స్థల కథ పురావస్తుశాస్త్రం కంటే ముందే సత్యాన్ని చెప్పిందని పొంగిపోవడానికీ వీలులేదు. ఈ కథల్లో పశువుల ప్రసక్తి లేదు, పేడ ప్రసక్తి లేదు. దిబ్బలను పోగుచేసిన పశుపాలకుల జ్ఞాపకం వీటిలో కొనసాగుతున్నదనడానికి ఆధారం లేదు. ఇవి ఆ తర్వాతి కాలపు మనుషులు తమ కళ్లముందున్న వస్తువును చూసి, తమకు తెలిసిన కావ్యప్రపంచంతో చేసుకున్న వ్యాఖ్యానాలు. స్థల కథను జ్ఞాపకంగా కాక వ్యాఖ్యానంగా చదివినప్పుడే దాని విలువ, దాని హద్దు రెండూ తెలుస్తాయి.

4. అగ్నిపర్వతం నుంచి పశువుల దొడ్డి దాకా

బళ్లారి పరిసర దిబ్బలను కెప్టెన్ టి. జె. న్యూబోల్డ్ 1836లోనూ, మళ్లీ 1843లోనూ ప్రచురించిన రచనల ద్వారా విద్వత్‌లోకం దృష్టికి తెచ్చారు. ఆ తర్వాత వీటి పుట్టుకపై భిన్నమైన ఊహలు వెలువడ్డాయి. చిట్టెం గడ్డలను చూసి అగ్నిపర్వత సంబంధమని కొందరు అనుకున్నారు. లోహం కరిగించిన కొలుముల శేషమని కొందరు, సామూహిక దహనాల శేషమని మరికొందరు భావించారు. విజయనగర చరిత్రకారుడు రాబర్ట్ సూయెల్ 1899లో ఈ దిబ్బలను విజయనగర కాలపు దహనాలతో ముడిపెట్టారు. ఆయన విజయనగరంపై రాసిన ప్రసిద్ధ గ్రంథం మరుసటి ఏడాది వెలువడింది. తాను నిత్యం మునిగి ఉన్న చరిత్రే ఆయనకు ఆ దిబ్బల్లోనూ కనిపించి ఉండవచ్చు. పరిశోధకుడి పఠనం అతని పరిశీలనను తీర్చిదిద్దే తీరుకు ఇది మంచి ఉదాహరణ.

ఈ ఊహలను ఒక్కొక్కటిగా ఆధారాల ముందు నిలబెట్టి చూడాలి. అగ్నిపర్వత వాదం కరిగిన గడ్డలకు కారణం చెబుతుంది. కాని బిలం లేని చోట, చుట్టూ గ్రానైటు కొండలున్న చోట, విడివిడి చిన్న దిబ్బలుగా ఈ పదార్థం ఎందుకు ఉందో చెప్పలేదు. కొలుముల వాదం చిట్టెం రూపాన్ని వివరిస్తుంది గాని, గుట్టలకొద్దీ మెత్తని బూడిదను వివరించదు. చితుల వాదం బూడిదను వివరిస్తుంది. అయితే అక్కడ దొరికే ఎముకలు ప్రధానంగా పశువులవి, పనిముట్లు రాతివి. విజయనగర కాలానికి అవి సరిపోవు. చిత్రమేమంటే, చితుల వాదానికీ హిడింబాసురుడి కథకూ తర్కంలో పెద్ద తేడా లేదు. రెండూ బూడిద పరిమాణం నుంచి మహాదహనానికి వెళ్లాయి. ఒకటి భారతాన్ని ఆశ్రయించింది, మరొకటి మధ్యయుగ చరిత్రను ఆశ్రయించింది.

భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ చర్చను మలుపు తిప్పారు. దిబ్బల్లోనూ వాటి చుట్టుపక్కలా దొరికిన రాతి గొడ్డళ్లను, కుండపెంకులను ఆయన ప్రధాన సాక్ష్యంగా తీసుకున్నారు. ఇవి నవీన శిలాయుగానివనీ, కాలినది పశువుల పేడ అనీ గుర్తించారు. ఆఫ్రికాలో ముళ్లకంచె వేసి పశువులను కట్టే దొడ్లతో వీటిని పోల్చారు. తరువాత ఎఫ్. ఇ. జాయ్నర్ చేసిన ప్రయోగశాల పరీక్షలు ఈ అభిప్రాయానికి భౌతికమైన ఆధారం కల్పించాయి. గడ్డి మేసిన పశువు పేడలో సిలికా ఉంటుంది. తీవ్రమైన వేడికి ఆ సిలికా బూడిదలోని క్షారాలతో కలిసి కరిగి, చల్లారాక గాజులాంటి గడ్డగా మారుతుంది. అగ్నిపర్వతాన్ని తలపించిన పదార్థం పేడ నుంచే పుట్టగలదని దీనితో తేలింది.

5. ఉట్నూరు సాక్ష్యం

1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో జరిపిన తవ్వకాలు ఈ సమస్యలో నిర్ణాయకమైనవి. ఈ ఉట్నూరు ఆదిలాబాదు ప్రాంతపు ఉట్నూరు కాదన్న విషయాన్ని పరిశోధక విద్యార్థులు గమనించాలి. ఆ తవ్వకాల నివేదికను 1961లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రచురించింది. 1963లో ఆల్చిన్ దక్కను బూడిద దిబ్బల గురించి 'నియోలిథిక్ క్యాటిల్ కీపర్స్ ఆఫ్ సౌత్ ఇండియా' అనే గ్రంథం వెలువరించారు.

ఉట్నూరులో దుంగలు పాతిన గుంతల వరుసలు బయటపడ్డాయి. అవి పశువులను తోలి కట్టివేసే ఆవరణ చుట్టూ నిలిపిన దడి ఆనవాళ్లు. ఆ ఆవరణ ఒక్కసారి కట్టి వదిలేసినది కాదు. పేడ పేరుకోవడం, అది కాలడం, అదే చోట మళ్లీ దడి కట్టుకోవడం పలుమార్లు జరిగినట్లు పొరలు చూపాయి. అన్నిటికంటే విశేషమైనవి పశువుల గిట్టల ముద్రలు. మెత్తని బూడిద పొర మీద నడిచిన పశువుల అడుగులు చెరగకుండా నిలిచిపోయాయి. నాలుగువేల ఏళ్లకు పూర్వం ఒక మంద ఆ నేలను తొక్కిందనడానికి ఇంతకంటే సూటి సాక్ష్యం అక్కరలేదు.

విమర్శ పద్ధతి దృష్ట్యా ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. అంతకుముందటి ఊహలన్నీ దిబ్బను పైనుంచి, దూరం నుంచి, ఒకే వస్తువుగా చూశాయి. ఆల్చిన్ దానిని పొరల వరుసగా చదివారు. దిబ్బ ఒక సంఘటన ఫలితం అనుకున్నంతకాలం అసురుడి చితి, అగ్నిపర్వతం, సామూహిక దహనం వంటి మహాసంఘటనలు అవసరమయ్యాయి. అది తరతరాల పని ఫలితమని తెలిసిన తర్వాత మహాసంఘటన అవసరం తీరిపోయింది. చిక్కు విడింది కొత్త వస్తువు దొరకడం వల్ల మాత్రమే కాదు. ప్రశ్న మారడం వల్ల కూడా విడింది.

6. దిబ్బ పక్కన ఊరు

పేడ దిబ్బ అని తేలిన తర్వాత ఇంకొక వివాదం మొదలైంది. ఇవి ఊళ్లకు దూరంగా, అడవుల్లో వేసుకున్న తాత్కాలికమైన పశువుల దొడ్లా, లేక స్థిరనివాసాల్లో భాగమా? అనంతపురం జిల్లా పాలవాయిలో వి. రామిరెడ్డి జరిపిన తవ్వకాలు, కర్ణాటకలోని కోడేకల్, బుడిహాళ్‌లలో కె. పద్దయ్య జరిపిన తవ్వకాలు ఈ వివాదానికి ముఖ్యమైన ఆధారాలను అందించాయి.

షోరాపూర్ ప్రాంతంలోని బుడిహాళ్‌లో పద్దయ్య 1989 నుంచి కొన్నేళ్లపాటు విస్తృతంగా తవ్వకాలు జరిపారు. లోతుగా చిన్న గుంత తవ్వే పద్ధతికి బదులు విశాలమైన వైశాల్యాన్ని తెరచి చూశారు. బూడిద దిబ్బను ఆనుకుని నివాసాల ఆనవాళ్లు, రాతి పనిముట్లు చేసిన చోటు, పశువులను కోసి మాంసం పంచుకున్న స్థలం వెలుగులోకి వచ్చాయి. దిబ్బ అంటే జనం లేని చోట పశువులు మాత్రమే ఉన్న దొడ్డి అన్న అభిప్రాయం దీనితో బలహీనపడింది. కనీసం కొన్నిచోట్ల మనుషుల జీవితం దిబ్బ చుట్టూనే అల్లుకుని ఉంది.

పశువులను కోసిన స్థలం అనే అంశాన్ని కొందరు పాఠకులు ఇబ్బందిగా భావించవచ్చు. నేటి సమాజంలో పశువు చుట్టూ ఉన్న పవిత్రతను, నిషేధాలను నాలుగువేల ఏళ్ల వెనక్కి తీసుకువెళ్లి ఆరోపించడం ఎంత ప్రమాదమో ఈ ఆధారం హెచ్చరిస్తుంది. ఆ మనుషులకు పశువు సంపద, ఆహారం, బహుశా ఆరాధ్యం కూడా. కుప్పగల్లు కొండ రాళ్లమీద మూపురపు ఎద్దుల బొమ్మలు అసంఖ్యాకంగా చెక్కి ఉన్నాయి. ఈ పాత్రలన్నీ ఒకే పశువుకు ఒకేసారి ఉండగలవని అంగీకరించడమే ఆధారాలకు న్యాయం చేయడం.

వ్యవసాయ విషయంలోనూ అవగాహన విస్తరించింది. డోరియన్ ఫుల్లర్ వంటి పురావృక్షశాస్త్రజ్ఞుల అధ్యయనాల వల్ల ఈ ప్రాంతపు నవీన శిలాయుగ ప్రజలు అండుకొర్రల వంటి చిరుధాన్యాలను, ఉలవలను, పెసలను పండించి తిన్నారని తెలిసింది. రాయలసీమ, పాలమూరు పొలాల్లో నేటికీ కనిపించే పంటలే ఇవి. పంటల పేర్లను ద్రావిడ భాషా పునర్నిర్మాణంతో పోల్చే ప్రయత్నాలు కూడా జరిగాయి. అయితే లిపి లేని ఆ సమాజం ఏ భాష మాట్లాడిందో రాళ్లు, గింజలు స్వయంగా చెప్పవు. ఉలవలు తిన్నారు కనుక తెలుగువారే అనే వాదం, అసురుడు కాలాడు కనుకనే ఇంత బూడిద అనే వాదం కంటే మెరుగైనదేమీ కాదు.

7. మిగిలిన ప్రశ్న

దిబ్బ ఏమిటో తెలిసింది. ఎవరు పోగుచేశారో స్థూలంగా తెలిసింది. ఎందుకు కాల్చారన్నది ఇంకా చర్చనీయాంశం. ఇది చిన్న ప్రశ్న కాదు. పేడ పొలానికి ఎరువు, పొయ్యికి వంటచెరకు. చిరుధాన్యాలు పండించే సమాజం అంత విలువైన పదార్థాన్ని ఏళ్లతరబడి ఒకేచోట పేరుకోనిచ్చి, గాజుగా కరిగేంత వేడితో ఎందుకు తగలబెట్టింది?

దీనికి వచ్చిన సమాధానాలు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది ప్రయోజనవాదం. దొడ్డిలో పేరుకున్న చెత్తను, పురుగును వదిలించుకోవడానికి కాల్చారన్నది దీని సారం. పద్దయ్య వివరణలో ఈ అంశానికి ప్రాధాన్యం ఉంది. రెండవది కర్మకాండవాదం. నిర్ణీత సందర్భాల్లో, పశువుల క్షేమం కోసం, పండుగగా కాల్చారని ఆల్చిన్ ప్రతిపాదించారు. మూడవది స్మారకవాదం. దిబ్బను కావాలనే పెంచి, దూరం నుంచి కనిపించే చిహ్నంగా నిలిపారని పీటర్ జోహాన్సన్ 2004లో వాదించారు. నికోల్ బోవిన్ కూడా ఈ దిబ్బలను ఆనాటి ప్రజల భూదృశ్య భావనతో, విశ్వభావనతో కలిపి చదివారు.

ఈ మూడింటిలో ఒక్కటే సరైనదని తీర్పు చెప్పే ముందు, ఆ విభజననే ప్రశ్నించాలి. శుభ్రత వేరు, పండుగ వేరు, గుర్తు వేరు అన్న విభజన మన కాలానిది. సంక్రాంతి ముందు ఇల్లు అలికి, పాత సామాను బయటపడేసి, మంట వేసే ఇల్లాలిని ఇది పరిశుభ్రతా, ఆచారమా అని అడిగితే ఆ ప్రశ్నే ఆమెకు వింతగా ఉంటుంది. కాబట్టి ప్రతి దిబ్బకూ ఒకే కారణం ఉండాలనీ, ఒక దిబ్బకు అన్ని కాలాల్లోనూ ఒకే అర్థం ఉండాలనీ అనుకోనక్కరలేదు. అవసరంగా మొదలైన దహనం కొన్ని తరాలకు ఆచారమై, ఆ ఆచారం మిగిల్చిన గుట్ట మరికొన్ని తరాలకు ఊరి గుర్తుగా మారి ఉండవచ్చు. దీనిని నిర్ణయించవలసింది ఒక్కొక్క దిబ్బలోని పొరలే.

8. భోగిమంట పోలిక – హద్దులు

ఆల్చిన్ తన ప్రతిపాదనకు మద్దతుగా నిప్పుతోనూ పశువులతోనూ సంబంధమున్న నేటి పండుగలను పరిశీలించారు. ఈ చోట తెలుగు పాఠకుడి మనసు ఉరకలు వేయడం సహజం. భోగినాడు తెల్లవారుజామున మంట వేస్తాం. ఆవుపేడతో చేసిన భోగి పిడకల దండలను ఆ మంటలో వేస్తాం. మూడోరోజు కనుమ పశువుల పండుగ. కర్ణాటకలో సంక్రాంతినాడు పశువులను మంట దాటించే 'కిచ్చు హాయిసువుదు' అనే ఆచారం ఉంది. పేడ, నిప్పు, పశువు మూడూ ఒకేచోట కలిసే ఈ పండుగ ఉట్నూరు దొడ్డికి వారసురాలని చెప్పాలనిపిస్తుంది.

ఆ మాట చెప్పడానికి తగిన ఆధారం మన దగ్గర లేదు. చివరి బూడిద పొరకూ, సంక్రాంతి గురించి మనకు లభించే తొలి లిఖిత ప్రస్తావనలకూ మధ్య సుదీర్ఘమైన వ్యవధి ఉంది. పోలిక వేరు, అవిచ్ఛిన్న సంప్రదాయం వేరు. పశువులను పెంచే సమాజాలు ఎక్కడైనా పేడను, నిప్పును కలిపి వాడతాయి. ఒకే అవసరం నుంచి ఒకేలాంటి ఆచారాలు విడివిడిగా పుట్టవచ్చు. భోగిమంట మనకు ఒక పరికల్పనను అందిస్తుంది. ఆ పరికల్పనను పరీక్షించాలంటే బూడిద పొరల్లోని మొక్కల అవశేషాల ద్వారా దహనం ఏ ఋతువులో జరిగిందో తేల్చాలి. అన్ని పొరలూ ఒకే ఋతువును సూచిస్తే నిర్ణీత సందర్భంలో కాల్చారన్న వాదం బలపడుతుంది. వేర్వేరు ఋతువులను సూచిస్తే బలహీనపడుతుంది. తప్పని తేలడానికి అవకాశమిచ్చే వాదమే పరిశోధనలో నిలబడుతుంది. మన పండుగ మీద మనకున్న ప్రేమ ఆ అవకాశాన్ని మూసివేయకూడదు.

9. పేర్లు, మాటలు: తెలుగు పరిశోధకుల పని

ఈ విషయంలో తెలుగు శాఖల పరిశోధకులు చేయదగిన పని స్పష్టంగా ఉంది. మొదటిది స్థలనామాల సేకరణ. బళ్లారి పరిసరాల్లో 'బూదిగుంట', 'బూదికనమ' వంటి పేర్లు పాత రచనల్లో కనిపిస్తాయి. 'బూది' అంటే బూడిద అన్న సంగతి తెలుగువారికి చెప్పనక్కరలేదు. అగ్నిపర్వత వాదం నడిచిన కాలంలోనూ పేరు మాత్రం పదార్థాన్ని సరిగానే పలుకుతూ వచ్చింది. ఇలాంటి పేర్లను గ్రామస్థాయిలో, పొలాల పేర్లతో సహా సేకరిస్తే ఇంకా నమోదు కాని దిబ్బల జాడ తెలిసే అవకాశం ఉంది.

అయితే ఇక్కడా జాగ్రత్త అవసరం. 'బూదికనమ'లోని 'కనమ' కొండల నడుమ దారికి పేరు. కన్నడంలోని 'కణివె' కూడా ఆ అర్థాన్నే ఇస్తుంది. దీనిని పశువుల పండుగ అయిన 'కనుమ'తో కలిపి, బూడిదకూ పండుగకూ ముడివేయడం ధ్వని సామ్యం చేసే మోసం.

రెండవది పశుపాలన పదజాలం. తెలుగులో 'పెంట' అనే మాటకు పేడకుప్ప, చెత్తకుప్ప అనే అర్థం ఉంది. నల్లమలలో చెంచుల ఆవాసాలను కూడా 'పెంట' అంటారు. దిబ్బా నివాసమూ పక్కపక్కనే ఉన్న బుడిహాళ్‌ను తలచుకుంటే ఈ రెండర్థాల కలయిక ఆకర్షిస్తుంది. కాని ఇవి ఒకే ధాతువు నుంచి వచ్చాయా, రూపం మాత్రమే కలిసిన వేర్వేరు మాటలా అన్నది సోదర భాషల ఆధారాలతో తేల్చిన తర్వాతే ముందుకు వెళ్లాలి. భోగిమంటకు వర్తింపజేసిన నియమమే దీనికీ వర్తిస్తుంది. దొడ్డి, మంద, దడి, కొట్టం, పిడక, చిట్టెం వంటి మాటల ప్రాంతీయ రూపాలను, అర్థాలను కాపరుల నోట విని నమోదు చేయడం అంతకంటే ముందు జరగవలసిన పని.

మూడవది స్థల కథల నమోదు. కథను ఎవరు, ఎక్కడ, ఏ దిబ్బను చూపిస్తూ చెబుతున్నారు అన్నది కథతోపాటే రాసుకోవాలి. 'హిడింబాసురుడి కథ' అని ఒక శీర్షిక పెట్టి సారాంశం రాసుకుంటే, అది దిబ్బను వ్యాఖ్యానించే కథ అన్న సంగతే జారిపోతుంది. మెకంజీ కోసం సేకరించిన కైఫీయతులు గ్రామాన్ని, కథను కలిపి నమోదు చేసిన పద్ధతి ఈ పనికి మనముందున్న నమూనా.

ఈ పనికి గడువు ఉంది. బూడిదను ఎరువుగా పొలాలకు తోలుకుపోవడం వల్ల, రోడ్ల కోసం తవ్వడం వల్ల దిబ్బలు తరిగిపోతున్నాయి. సంగనకల్లు, కుప్పగల్లు కొండలను గ్రానైటు క్వారీలు తొలిచివేస్తున్నాయి. దిబ్బ మాయమైతే పొరలు పోతాయి. ఋతువును చెప్పగల గింజలు పోతాయి. దిబ్బను చూపించి చెప్పే కథ చూపించడానికేమీ లేక ఒకటి రెండు తరాల్లో ఆగిపోతుంది. అప్పుడు 'ఎందుకు కాల్చారు' అనే ప్రశ్న నిజంగానే సమాధానం లేనిదవుతుంది. ఆ స్థితికి కారణం ప్రాచీనుల గూఢత్వం కాదు, మన కాలపు అశ్రద్ధ.

10. ముగింపు

బూడిద దిబ్బలపై వచ్చిన వ్యాఖ్యానాలను పరిశీలించగా ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

• స్థల కథలు పదార్థాన్ని, పరిమాణాన్ని, ప్రాచీనతను సరిగా గుర్తించిన వ్యాఖ్యానాలు. వాటిని చరిత్రగానో, మూఢత్వంగానో కాక వ్యాఖ్యానాలుగానే చదవాలి.

• పందొమ్మిదో శతాబ్ది ఊహల్లో కొన్ని, శాస్త్రీయ భాషలో ఉన్నప్పటికీ, స్థల కథల తర్కాన్నే అనుసరించాయి.

• ఫుట్, జాయ్నర్, ఆల్చిన్, రామిరెడ్డి, పద్దయ్య వంటి వారి వరుస కృషి వల్ల దిబ్బల స్వరూపం తెలిసింది. దహన కారణం గురించిన ప్రశ్న మిగిలింది. ఆ ప్రశ్నకు ఎలాంటి ఆధారం సమాధానమివ్వగలదో కూడా స్పష్టంగా ఉంది.

• భోగిమంట, కనుమ, పెంట వంటి తెలుగు సామగ్రిని ప్రమాణంగా కాక, పరీక్షించవలసిన పరికల్పనలుగా ఉపయోగించాలి.

తెలియని విషయాన్ని రహస్యమని పిలిచిన చోట పరిశోధన ఆగిపోతుంది. ఏది తెలియలేదో, ఎందుకు తెలియలేదో చెప్పగలిగిన చోట అది మొదలవుతుంది. పాలమూరు నేలమీద ఒక మంద వదిలివెళ్లిన గిట్టల ముద్రలు మన విద్యార్థుల పాఠంలోకి రావాలి. వాటితోపాటు వాటిని చదవడం నేర్చుకున్న నూటపాతికేళ్ల కృషి కూడా, అందులోని తప్పటడుగులతో సహా, రావాలి.